రహీం సాబ్ బడి, బలరాం గోల్

హంగరీ వాళ్లు ఫుట్‌బాల్ ఆడి ఊరుకోలేదు, ఆ విద్యను దేశదేశాలకూ మోసుకెళ్లారు. 1924 ఒలింపిక్స్‌లో హంగరీకి ఆడిన బేలా గుట్‌మన్, పోర్చుగల్ వెళ్లి బెన్ఫికా కోచ్‌గా 1961, 1962లలో వరసగా యూరోపియన్ కప్పు గెలిపించాడు. మన జంటనగరాల్లో ఆ పని చేసింది ఓ బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. ఆ యుగోస్లావియానే ఫైనల్లో ఓడించి హంగరీ స్వర్ణం ఎత్తుకుపోయింది. అప్పటి మన కోచ్ రహీమే. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి దింపి ఆడించే హంగరీ ఎత్తు తర్వాత ఆయన జట్లలోనూ కనిపించింది. 1956లో మెల్‌బోర్న్‌లో మనకు నాలుగో స్థానం దక్కింది.

అయితే నా లెక్కలో ఆయన అసలు గొప్పతనం ఎత్తుగడల్లో కాదు, కుర్రాళ్లకు పెట్టిన చిత్రమైన పోటీల్లో ఉంది. ఒక టోర్నమెంట్‌లో డ్రిబ్లింగ్ నిషిద్ధం. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. అలాంటప్పుడు ఎవరు ఖాళీగా ఉన్నారో బంతి రాకముందే చూసుకోవాలి, ఇచ్చినవాడు మళ్లీ అందుకోవడానికి పరుగెత్తాలి. ఇంకో టోర్నమెంట్‌లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి మొనగాడు అక్కడ పసివాడిలా తడబడాల్సిందే. కండబలం అక్కర్లేని ఈ చదువుతోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా ఐదేళ్లూ రోవర్స్ కప్పు ఎవరికీ వదల్లేదు.

ఆ బడిలో తేలిన కుర్రాడే సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం. సెలక్షన్‌కు హైదరాబాద్ రమ్మంటే దారి ఖర్చులకు డబ్బుల్లేవన్నాడట. అద్దె సైకిలుకు రహీం సాబే పైకమిచ్చారు. 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు, 1961లో దానికి కెప్టెనయ్యాడు. ఎడమవైపు ఆడినా రేఖను అంటిపెట్టుకుని నిలబడే రకం కాదు. వెనక్కొచ్చి బంతి అందుకునేవాడు, ఆట అల్లేవాడు, మళ్లీ గోలు ముందు తేలేవాడు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ హంగరీయే ఎదురైంది. లాక్విలా పట్టణంలో మ్యాచ్, అవతల ఫ్లోరియన్ ఆల్బర్ట్ లాంటివాడు. మనం 1-2తో ఓడాం. మన ఒక్క గోలూ బలరాందే. కాంస్యం గెలిచిన జట్టుతో ఒక్క గోల్ తేడా అంటే ఇవాళ మనకు నమ్మబుద్ధి కాదు! రెండేళ్లకు జకార్తా ఏషియాడ్‌లో, ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి, స్వర్ణం తెచ్చిన జట్టులోనూ బలరాం ఉన్నాడు. క్యాన్సర్‌తోనే ఆ జట్టును నడిపిన రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు.

అదే ఏడాది జబ్బు బలరాం ఆటనూ ఆపేసింది, ముప్పై కూడా నిండకుండానే. అమ్ముగూడకు తిరిగి రాలేదు. బెంగాల్‌లోనే ఉండిపోయి, తాను చివరగా ఆడిన బి.ఎన్.ఆర్. జట్టుకే కోచ్ అయ్యాడు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో పోయాడు.