వైకుంఠవర్ణనమునొద్ద నాఁగిన గంటము

బమ్మెర పోతనామాత్యుని భాగవతమున నష్టమస్కంధగతమగు గజేంద్రమోక్షణమును గూర్చి యొక కథ తెలుఁగునాఁట మిక్కిలి ప్రసిద్ధము. మకరముచేతఁ జిక్కిన గజేంద్రుఁడు మొఱవెట్టెను. ఆ మొఱ వినవలసినవాఁడు వైకుంఠమున నున్నాఁడు. కవి యా నగరమును వర్ణింపఁ బూని మత్తేభవృత్తమున మొదటిపాదము వ్రాసెను. తరువాత నేమి చెప్పవలయునో తోఁపదయ్యెను. తాటియాకును గంటమును విడిచి వెలికిఁ బోయెను. అంత శ్రీరామచంద్రుఁడు పోతనరూపముతో నింటికి వచ్చి, కూఁతు నడిగి యా యాకుఁ దెప్పించుకొని, పద్యమును బూరించి పోయెను. తిరిగి వచ్చిన కవి పూర్ణమైన పద్యమును జూచి యెవరు వ్రాసిరని యడుగఁగా, “నీవే గదా, నాయనా, యిప్పుడు వచ్చి వ్రాసిపోతివి” అని కూఁతురు పలికెను.

పోతన జన్మస్థానమని యోరుగంటి ప్రాంతీయులు చెప్పు బమ్మెర గ్రామము నేఁడు జనగామజిల్లా పాలకుర్తి మండలమున నున్నది. (ఒంటిమిట్టవాదము వేఱొక చర్చ, దాని నిచటఁ ద్రవ్వఁ బనిలేదు.) చాలవఱకుఁ బూర్వపు వరంగల్లుజిల్లానుండి 2016లో నేర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో నీ కవి తమవాఁడను నభిమానము మెండు. అట్టిచోట బాలురకు నీ కథ చెప్పుటలోఁ గీడు లేదు. చెప్పి యూరకుండుటలోఁ గలదు. తొలిసారి కందము వ్రాయఁబూని రెండవపాదమున నాఁగిపోయిన బాలుఁడు, పోతనకు రాముఁడు వచ్చెను, తనకు రాఁడు, కావునఁ గవిత్వము తనకుఁ బట్టువడదని తలఁచి కాగితము మడిచివేయును. కథను బుక్కిటిపురాణమని నవ్వువాఁ డా బాలునకు నంతకంటె మేలు చేయుట లేదు. భక్తితోఁ జెప్పువాఁడును, నవ్వి త్రోసివేయువాఁడును, ఇరువురును బద్యమువఱకుఁ బోరు.

ఈ కథను బోతన చెప్పలేదు. చంద్రగ్రహణమునాఁడు గంగాతీరమున ధ్యానమున నుండఁగా సీతాసమేతుఁడైన రాముఁడు దర్శన మిచ్చి భాగవతమును దెనిఁగింపుమని యానతిచ్చినట్లు కవి యవతారికలోఁ జెప్పుకొన్నాఁడు. పద్యపూరణమును గూర్చి మాత్ర మొక్క మాటయైన లేదు. కాఁబట్టి యిది పాఠకులు కల్పించిన కథ. అన్ని వేల పద్యములుండఁగాఁ బాఠకలోక మీ యొక్క పద్యమునొద్దనే కవి గంటము నేల యాఁపినది? ఇది యడుగఁదగిన ప్రశ్న.

సంస్కృతమూలమును దగ్గఱ నుంచుకొని చూచినచో నుత్తరము కొంత తెలియును. మూలమున నష్టమస్కంధ తృతీయాధ్యాయమంతయు దాదాపు గజేంద్రుని స్తోత్రమే. స్తోత్రము ముగిసిన వెంటనే హరి గరుడారూఢుఁడై, చక్రహస్తుఁడై, దేవతలు స్తుతింప వేగముగా వచ్చెనని మూలకారుఁడు చెప్పి ముందునకు సాగెను. వచ్చుటకు ముం దతఁ డెచట నుండెను, ఎవరితో నుండెను, మొఱ చెవిఁ బడినపు డేమి చేయుచుండెను? మూలమున నొక్క మాట లేదు. అంతవఱకు స్తోత్రమునఁ దనకు నూఁతకోలగా నున్న గ్రంథము సరిగా నీచోటఁ దెలుఁగుకవి చేయి విడిచినది. పాఠకులు మూలమును జదివినవారైనను గాకున్నను, ఇచట నొక యతుకున్నదని వారి చెవికిఁ దోఁచినది. ఆ తోఁపును వారు కథగాఁ జెప్పిరి. విమర్శ వ్యాసరూపముననే యుండవలయునను నియమ మేమియు లేదు గదా.

ఇంకఁ బద్యము. మొదటిపాదమునఁ బురము, నగరు, ముఖ్యసౌధము వరుసగా వచ్చినవి. తరువాతిమాట “దాపల”. ఈ మాటలో “దా” మొదటిపాదము చివరను, “పల” రెండవపాదము మొదటను బడినవి. కథలోఁ జెప్పినట్లు గంటము మొదటిపాదాంతముననే యాఁగినచో, మాట నడుమ నాఁగినదన్నమాట! “దా” వ్రాసినవానికిఁ “బల” తెలియకపోదు. “పల” తెలిసినవానికిఁ బ్రాసాక్షరమగు లకారమును దెలిసియే యున్నది. అనఁగాఁ గవికి మాటయుఁ గొఱవడలేదు, ఛందస్సును గొఱవడలేదు. సౌధమునకు దాపల నేమున్నదో యది కనఁబడలేదు. కొందఱు పురము పేరు వ్రాయఁగనే యాఁగెనని చెప్పుదురు. అట్లయినను విశేషభేదము లేదు. పురము పేరు తెలిసినవానికిఁ బురమున నేమున్నదో తెలియకపోవుటయే యదియు.

“దాపల” యన నెడమప్రక్క. కాఁడి గట్టిన యెద్దులలో నెడమదానిని దాపలిదనియుఁ, గుడిదానిని వలపలిదనియు రైతులందురు. పోతన సేద్యము చేసి బ్రతికెనని చెప్పుకొనువారు వైకుంఠమున దారి చూపుట కాతఁడు మడిచెక్కలోని మాటను గైకొనుట గమనింపవలయును. ఆ మాట తరువాతఁ జూపు తెఱపి లేక లోనికిఁ బోయినది. దాపల మందారవనము, వనములోపల నమృతసరస్సు, సరస్సు దరిఁ జంద్రకాంతశిల, శిలపైఁ గలువల పాన్పు, పాన్పుపై రమతో వినోదించుచున్న యాపన్నప్రసన్నుఁడు. ఊరివాకిటినుండి పడకటింటివఱకు నడచినట్లే యున్నది. ఆ సమాసము దీర్ఘమని యెన్నువారు గలరు. కాని దానిలోని యొక్కొక్క పద మొక్కొక్క యడుగు. ఏ పదమును దీసివేసినను నడక తప్పును. ప్రాసకై వెదకిన లకారమే “ఉత్పల”మును, “విహ్వల”మును దెచ్చియుండును. ఒకటి పాన్పునకును, మఱియొకటి యేనుఁగునకును జెందినవి. సుఖమున నున్నవాని పాన్పును, సంకటమున నున్నదాని కలఁతయు నొక్క ప్రాసచేఁ గట్టువడినవి.

పద్యము ముగియఁగా వాక్యము ముగియలేదు. మొఱ యాలించి సంరంభించినాఁ డనునంతలోఁ గ్రిందిపద్యమునకు వదలఁబడినది. క్రిందిపద్యమున నంతయు జేయనిపనుల పట్టికయే. లక్ష్మితోఁ జెప్పలేదు, శంఖచక్రములను జేతులఁ బూనలేదు, పరివారమును బిలువలేదు, గరుత్మంతుని సిద్ధపఱుపలేదు, చెవులపైఁ బడిన జుట్టు సవరింపలేదు, ప్రణయకలహమునఁ బట్టిన లక్ష్మి పైఁటకొంగునైన విడువలేదు. మూలమున హరి గరుడునిపైఁ జక్రహస్తుఁడై వచ్చెను. తెలుఁగున గరుడుఁడును జక్రమును వెనుకఁ బరుగెత్తి రావలసినవారైరి. ఇంతటి భేదమునకుఁ గారణము పై పద్యమే. పాన్పుపై నున్నవానిని జూచిన పిదపఁ గవి యతనిని గరుడునిపైఁ గూర్చుండఁబెట్టి తేలేఁడు. లేచుట, లేచుటలోని తొట్రుపాటు చెప్పక తప్పదు. ఆ మీఁది పద్యమున లక్ష్మియు, నంతఃపురమును, బక్షీంద్రుఁడును, నాయుధములును, వైకుంఠమునఁ గలవారందఱును వరుసగా వెంటఁబడిరి. మూలమున నొక్క శ్లోకమునఁ దీరిన రాక యిన్ని పద్యములైనది. బావి త్రవ్వునపుడు బండ తగిలినచోటనే యూట పడినది. పోతన పెంపులన్నియు ననవసరములను విమర్శకు లీ ఘట్టమును మూలముతోఁ బోల్చి చూచినట్లు తోఁపదు.

ఇట్టి కథలే జయదేవునిపైనను, దిక్కనపైనను గలవు. వీని నొక్క కట్టగాఁ గట్టుట తగదు. గీతగోవిందమున రాధ పాదమును శిరమునఁ దాల్పఁ గృష్ణుఁడు వేఁడినట్లు వ్రాయ జయదేవుఁడు జంకెను. ఆతఁడు స్నానమునకుఁ బోఁగాఁ గృష్ణుఁడే వచ్చి వ్రాసెనందురు. అతనికి మాట తెలియును, వ్రాయుటకు ధైర్యము లేదు. దేవుఁ డిచ్చినది యనుమతి మాత్రమే. తిక్కన కథ వినోదకరము. భారతము చెప్పుచు మాట తోఁపక వ్రాయసకాఁడగు గురునాథుని జూచి యేమి చెప్పుదునని యడుగఁగా, ఆ సంబోధనమే ధృతరాష్ట్రునకుఁ జెల్లి పద్యమునఁ జక్కఁగా నమరెనఁట. క్రొత్తగా వ్రాయువారికిఁ దఱచుగాఁ గలుగు బాధ మాత్రము పోతనదే: చెప్పవలసినది తెలిసియుండును, చూడవలసినది చూడక యుందురు.

పోతనను గ్రొత్తవాఁడనుట తగునా యని యడుగవచ్చును. వీరభద్రవిజయము, భోగినీదండకము నతని పేర నున్నవి. వానిఁ గాదనువారును గలరు. ఎట్లైనను భాగవతవిషయమున నాతఁడు క్రొత్తవాఁడే. పూర్వకవులు దీనిని దెనిఁగింపక విడుచుట తన భాగ్యమని తానే చెప్పుకొన్నాఁడు. భాగవతము తెలియుట దుష్కరమనియుఁ, బెద్దలవలన విన్నంతయుఁ దనకుఁ దెలిసినంతయుఁ జెప్పుదుననియు నవతారికలోఁ బలికినాఁడు. ఆ గ్రంథమున నైదవస్కంధము గంగనయు, నాఱవది సింగనయుఁ, బదునొకండవ పండ్రెండవస్కంధములు నారాయణయు రచించిరి. స్కంధములకు స్కంధములే మనుష్యులు పూరించిరి. మూఁడుపాదముల కొఱకు రాముఁడు రావలసివచ్చెను!

పాలకుర్తి సోమనాథున కడ్డమువచ్చినది వేఱు. సంస్కృతభూయిష్ఠమగు గద్యపద్యప్రబంధము సర్వసామాన్యము గాదని తలఁచి బసవపురాణమునకు ద్విపదను గైకొనెను. పాత్ర మార్చినంతనే ధార సాగినది. మహబూబాబాదుజిల్లా చిన్నగూడూరునఁ బుట్టిన దాశరథి 1948 ప్రాంతమున నిజామాబాదు చెఱలోఁ గాగితము లేక గోడలపై బొగ్గుతోఁ బద్యములు వ్రాసెను. ఆతనికిఁ గొఱవడినది కాగిత మొక్కటియే.

పోతన కథలోఁ జెప్పువారు తఱచు విడుచు నొక యంశము మిగిలియున్నది. కవి వెలికిఁ బోవునపుడు మొదటిపాదమును గీటివేయలేదు, ఆకును జింపలేదు. సగము వ్రాసిన దానిని సగముగానే యుంచి, కూఁతు రెఱిఁగినచోట విడిచిపోయెను. వచ్చినవాఁ డెవఁడైనను, ఆకుఁ దెమ్మనఁగాఁ దెచ్చి యిచ్చుట కామెచేత నొక పాదము సిద్ధముగా నుండెను.