‘థింగ్’ శబ్దము: సభనుండి వస్తువునకు

ఆంగ్లమున ‘థింగ్’ అను పదము నేడు ఏ వస్తువునకైనను, ఏ విషయమునకైనను చెల్లును. ఇంత పలుచనైన యర్థము గల శబ్దము పూర్వము ఒక నిండు వ్యవస్థకు పేరై యుండెను. జర్మన్ ‘డింగ్’, డేనిష్, నార్వీజియన్, స్వీడిష్ ‘టింగ్’, ఐస్లాండిక్ ‘థింగ్’ దీనికి సోదరశబ్దములు. వీని యర్థపరిణామమును వ్యుత్పత్తికారులు తరచుగా ఒకే గొలుసుగా చూపుదురు: నియతకాలము, ఆ కాలమున కూడు సభ, సభలో విచారింపబడు వ్యవహారము, ఏదైన విషయము, తుదకు వస్తువు. ఈ గొలుసులోని లంకెలన్నియు సమానబలము గలవి కావని మా యభిప్రాయము.

సభార్థమునకు సాక్ష్యము పుష్కలముగా కలదు. ఐస్లాండులో 930 ప్రాంతమున నెలకొన్న మహాసభ పేరు ‘ఆల్థింగి’. నార్వేలో 1814లో ఏర్పడిన ‘స్టూర్టింగ్’, డెన్మార్కులో 1849 రాజ్యాంగముతో వచ్చిన ‘ఫోల్కెటింగ్’ నేటికిని ఆ శబ్దమును ధరించియున్నవి. ఆంగ్లమున ఈ యర్థము లుప్తమైనను, ఏడవ శతాబ్ది చివరి కెంట్ రాజులు హ్లోథెరె, ఎయాడ్రిక్‌ల ధర్మశాసనమున ‘థింగ్’ సభార్థమున ప్రయుక్తమైనది. ఆ శాసనము పన్నెండవ శతాబ్ది ప్రతిలో మాత్రమే దక్కినదను నాక్షేపము రావచ్చును. కాని లేఖకుడు తన కాలమునకు సన్నగిల్లిన యర్థమును క్రొత్తగా చొప్పించెననుటకంటె, ప్రాచీనపాఠమును రక్షించెననుటయే సమంజసము.

సభనుండి విషయమునకు, విషయమునుండి వస్తువునకు నడచుట కూడ నమ్మదగినదే. ఏలయన ఇట్టి నడక ఇతరత్ర కలదు. వ్యాజ్యము నర్థముగా గల లాటిన్ ‘కౌసా’ శబ్దమునుండియే ఫ్రెంచి ‘షోజ్’, ఇటాలియన్ ‘కోసా’ పుట్టి వస్తువాచకములైనవి. జర్మన్ ‘జాఖె’ సైతము మొదట వివాదమే. నేడు విషయము, వస్తువు.

ఇక మొదటి లంకె, అనగా కాలమునుండి సభ యేర్పడుట, విచార్యము. గాతిక్ బైబిలులో ‘థీహ్స్’ అనగా కాలము. హకారమునకు ముందు అనునాసికము లోపించి అచ్చు దీర్ఘమగుట జర్మానిక్ భాషలలో నియతము. ఉదాత్తము ధాతువుపై నున్న హకారము, తరువాతి యక్షరముపై నున్న గకారము వచ్చునని కార్ల్ వెర్నర్ సూత్రము. కావున ‘థీహ్స్’, ‘థింగ్’ ఏకధాతుజన్యము లనుటకు ధ్వనిశాస్త్రము అడ్డుచెప్పదు. అడ్డుచెప్పకుండుట నిరూపణము కాదు. గాతిక్ గ్రంథములలో ‘థింగ్’ శబ్దమే కానరాదు. క్రీ.శ. 98 ప్రాంతమున టాసిటస్ రచించిన ‘జెర్మానియా’లో ఆ జనులు నెలపొడుపుననో పున్నమినాడో నియతదినములందు సభ కూడుదురని కలదు. ఆయన యాచారమును చెప్పెను గాని దాని దేశ్యనామమును చెప్పలేదు. ఈ లంకె సంభావ్యమే; సిద్ధము మాత్రము కాదు.

మన భాషలోని ‘సంగతి’ ఇచట స్మరణీయము. సంస్కృతమున కూడిక, కలయిక యను నర్థములు గల యీ శబ్దము తెలుగున విషయవాచకమైనది. దీనిని ‘థింగ్’ ప్రక్కన నిలిపి రెంటి చరిత్రయు నొకటే యనుట ప్రమాదము. ‘సంగతి’కి న్యాయసభతో పనిలేదు, సంబంధార్థమునుండియే విషయార్థము కలుగవచ్చును. గమ్యము ఒక్కటైనంత మాత్రమున మార్గమొక్కటి కానేరదు.

అర్థపరిణామమును వ్రాయు పరిశోధకుడు ప్రతి మెట్టునకు వేరువేరుగా సాక్ష్యము చూపవలెను. గొలుసు అందముగా నున్నదని లంకెను పరీక్షింపక విడుచుట శాస్త్రము కాదు.