కార్తెల చట్రం, రైతుల రాత

2022లో శ్రావణ మాసం జూలై 29న మొదలైంది. మరుసటి ఏడు అధిక శ్రావణం వచ్చిపడటంతో నిజ శ్రావణం ఆగస్టు 17 దాకా రాలేదు. వ్రతం చేసుకునే ఇల్లాలు దాదాపు మూడు వారాలు ఆగగలదు. నారుమడిలో మిరప నారు అలా ఆగదు, ముదిరిపోతుంది. అందుకే నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి దున్నేవాళ్లు పండక్కి తిథి చూస్తారు, విత్తనానికి కార్తె చూస్తారు. గోడకు వేలాడే క్యాలెండర్ ఒక్కటే అయినా అందులో లెక్కలు రెండున్నాయి. చంద్రుడి లెక్క ఏటా సుమారు పదకొండు రోజులు వెనక్కి జరిగి, అధిక మాసం రాగానే ముందుకు గెంతుతుంది. సూర్యుడి లెక్కకు ఆ గెంతులు లేవు. ఆ రెండేళ్లలోనూ మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలోనే ప్రవేశించింది.

ఈ రెండో లెక్కను ఎంత నేర్పుగా కట్టారో దగ్గరికెళ్లి చూడాలి. ఏడాది పొడుగునా సూర్యుడు నడిచే దారిని 27 సమాన భాగాలు చేశారు. ఒక్కో భాగం 13 డిగ్రీల 20 నిమిషాలు. ఆ భాగంలో సూర్యుడున్నంత కాలం ఆ నక్షత్రం పేరున కార్తె. భాగాలు సమానమే గానీ రోజులు సమానం కావు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి దగ్గరగా ఉండి చురుగ్గా తిరుగుతుంది, అప్పటి కార్తె పదమూడు రోజులకే అయిపోతుంది. జూలైలో దూరంగా ఉండి నెమ్మదిస్తుంది, పునర్వసుకు నిండా పద్నాలుగు రోజులు పడుతుంది. కాబట్టి పంచాంగం కట్టేవారు వేళ్ల మీద రోజులు లెక్కపెట్టి కార్తె రాయడం కుదరదు. ప్రతి ప్రవేశానికీ సూర్యుడి స్థానం గణించాల్సిందే. ఆ శ్రమంతా చివరికి తేదీ గడిలో, వర్జ్యానికీ దుర్ముహూర్తానికీ పక్కన, చిన్న అక్షరాల్లో ఒక్క మాటగా మిగులుతుంది.

ఆ కొలత పొడవు కూడా నాకెంతో నచ్చుతుంది. ఎద పెట్టడానికి నెల మరీ పెద్ద గడువు. వారం చూస్తే ఒక వాన తప్పినా చేజారిపోతుంది. రెండు వారాలకు కాస్త తక్కువైన కార్తెలో ఒక వాన పడి, పదును ఆరకముందే గొర్రు తోలుకునే వీలుంటుంది.

అసలు పనితనం మాత్రం పొరలు విడదీయడంలో ఉంది. ఆకాశం లెక్క ఒక పొర. నేల మీద ఏం చేయాలన్నది దానిమీద రాసుకున్న ఇంకో పొర. రోహిణిలో రోళ్లు పగులుతాయనీ, ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయనీ జనం చెప్పుకునేది ఈ రెండో పొర. మొదటిది సిద్ధాంతుల చేతిలో ఉంటుంది, రెండోది రైతుల నోట్లో. ఒకదాన్ని దిద్దితే రెండోది చెడదు.

మిరప సంగతే చూడండి. ఈ కార్తెల పేర్లు పుట్టిన కాలానికి మన నేలమీద మిరప మొక్కే లేదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారి ఓడలతో పదహారో శతాబ్దంలో ఈ దేశానికి వచ్చింది. వచ్చాక దానికోసం ఎవరూ కొత్త క్యాలెండర్ తయారుచేయలేదు, పాతదానిలోనే చోటిచ్చారు. పుష్యమి కార్తె ప్రవేశించే జూలై 20 ప్రాంతంలో నారు పోస్తే, ఆరు వారాలకు, అంటే సరిగ్గా మూడు కార్తెలకు, నారు నాటుకు వస్తుంది. అప్పటికి పుబ్బ ప్రవేశిస్తుంది. పుష్యమి, ఆశ్లేష, మఖ మడిలో; పుబ్బ, ఉత్తర చేలో. తేదీలు గుర్తుపెట్టుకోనక్కరలేదు. పత్తి విషయంలోనూ ఇదే జరిగింది. నాటు పత్తి పోయి హైబ్రిడ్లు వచ్చాయి, 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, విత్తనం సంచీ మీద కంపెనీ పేర్లు మారాయి. మృగశిర, ఆరుద్రల్లో తొలి పదునుకు విత్తడం మాత్రం మారలేదు.

ఆన్‌లైన్ ఆటలాడే కుర్రాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది. ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆటలోని ఊహాలోకంలో ఒక పగలూ రాత్రీ కలిపి మన 70 నిమిషాలు. నెలకు 32 రోజులు, ఏడాదికి 12 నెలలు. అక్కడి వాతావరణం మన లెక్కన ప్రతి 23 నిమిషాల 20 సెకన్లకు మారుతుంది. కొన్ని చేపలు ఫలానా వేళకు, అదీ ఫలానా వాతావరణం తర్వాత ఫలానా వాతావరణం వస్తేనే గాలానికి పడతాయి. అభిమానులు ఆ మార్పుల వెనకున్న సూత్రాన్ని పట్టుకుని, జీతమూ బత్తెమూ లేకుండా గడియారాలూ క్యాలెండర్లూ తయారుచేశారు. మంచి పరికరాల్లో కాలగణన ఒకచోట, చేపల జాబితా వేరొకచోట ఉంటాయి. ఆటలోకి కొత్త చేపలొస్తే జాబితా పెరుగుతుంది, గణన జోలికి వెళ్లనక్కరలేదు. పుబ్బలో మిరప చేరిందీ ఇలాగే. ఒక తేడా మాత్రం పెద్దది. ఆ ఆటలో వాన సూత్రం ప్రకారమే పడుతుంది, వచ్చే ఏడాది జల్లు కూడా నిమిషంతో సహా చెప్పొచ్చు. మన చట్రం అదును చెబుతుందే గానీ వాన సంగతి చెప్పలేదు. పంచాంగంలో కార్తెకో వాహనాన్ని చెప్పి, కప్పయితే ఇంత వాన, గాడిదయితే అంత అని రాసే భాగాన్ని నేను ఈ పనితనంలో కలపను. అది లేకపోయినా చట్రానికి లోటేమీ లేదు.

చట్రంలోనే ఒక జరుగుడు ఉంది. కార్తెలు నక్షత్రాలను పట్టుకున్నాయి, రుతువులేమో అయనాలను పట్టుకున్నాయి. ఈ రెండింటి మధ్య 72 ఏళ్లకు సుమారు ఒక రోజు తేడా వస్తుంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడి నాటికి దక్షిణాయనం పునర్వసు చివరి పాదం దగ్గర మొదలయ్యేది. ఇప్పుడు జూన్ 21న సూర్యుడు మృగశిర చివర, ఆరుద్ర గుమ్మంలో ఉంటున్నాడు. దాదాపు పదిహేను వందల ఏళ్లలో ఒకటిన్నర కార్తెకు పైగా జరిగిపోయింది. అయినా పొలం పని దారి తప్పలేదు, ఎందుకంటే సామెతల పొరను ప్రతి తరమూ తన కళ్ల ముందు పడిన వానను బట్టి తిరగరాసుకుంది. పనికిరాని మాట ఎవరూ చెరపకుండానే వాడుకలోంచి జారిపోయింది.

1955లో మేఘనాద్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘం నివేదిక ఇచ్చింది, 1957 మార్చి 22 నుంచి దేశానికి కొత్త జాతీయ పంచాంగం అమల్లోకి వచ్చింది. అది ప్రభుత్వ పత్రాల మీద తేదీగా నిలిచింది. పల్నాడు చేలల్లో మాత్రం ఇప్పటికీ కార్తె పేరే వినిపిస్తుంది.

ఈ క్యాలెండర్‌ను ఇంకా బాగుచేయాలంటే నేను అడిగేది ఒకటే: కార్తె పక్కన ఊరు కూడా కనబడాలి. పల్నాడులో నైరుతి వానలు ముఖ్యం. ఒంగోలు వైపు ఈశాన్య రుతుపవనాలు కూడా ఇంచుమించు అంతే వాన ఇస్తాయి. సత్తెనపల్లిలో హస్త కార్తె నాటికి పత్తి కాయ పట్టి ఉంటుంది. అదే కార్తెలో ఒంగోలు నల్లరేగడిలో శనగకూ పొగాకుకూ నేల సిద్ధమవుతుంది, చిత్త, స్వాతి వానల కోసం ఎదురుచూపు మొదలవుతుంది. ఒకే గడిలో ఇద్దరికీ ఒకే మాట అచ్చువేస్తే ఒకరికది పనికిరాదు. జ్యేష్ఠ కార్తెలో తుపాను సంగతి కూడా తీరం వైపు గడిలో రాయాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది జ్యేష్ఠలోనే. అప్పటికి పత్తి తీత సాగుతోంది, మిరప పూతా పిందెతో ఉంది. ఫోన్లో చూసుకునే క్యాలెండర్లకు ఇది కష్టమైన పనేమీ కాదు. గణన అందరికీ ఒకటే ఉంచి, కింది వరసను మండలానికొకటిగా ఆ మండలం రైతులే నింపేలా ఖాళీ వదిలితే చాలు: ఈ కార్తెలో ఎన్ని వానలు పడ్డాయి, ఏ రోజు గొర్రు కట్టాం, నారు ఎప్పుడు తీశాం.