ప్రవేశ పరీక్షల చదువు: ఒక విమర్శ

సికింద్రాబాదులో ఇంటర్మీడియట్ చదివే విద్యార్థికి తెల్లవారకముందే దినచర్య మొదలవుతుంది. కళాశాల పాఠాలు, ఆ పైన శిక్షణ తరగతులు, వారం చివర నమూనా పరీక్ష - రెండు సంవత్సరాల పాటు ఇదే వరుస. గమ్యం ఇంజనీరింగు కళాశాలలో సీటు. ఇంత శ్రమ పడిన తరువాత ఆ విద్యార్థికి భౌతిక శాస్త్రం ఎంతవరకు వచ్చినది అనే ప్రశ్న మాత్రం అరుదుగా వినబడుతుంది. ర్యాంకే దానికి సమాధానమని అందరూ అనుకొంటారు. ఈ అభిప్రాయం ఎంతవరకు నిజమో పరిశీలింపదగినది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ 1986లో ఆరంభమైనది. రాష్ట్ర విభజన తరువాత 2015 నుంచి తెలంగాణ తన పరీక్షను వేరుగా జరుపుకొంటున్నది. 2018లో అది కాగితం నుంచి కంప్యూటరు మీదికి మారినది. 2024లో ఈఏపీసెట్ అనే పేరు వచ్చినది. ఇంజనీరింగు పత్రంలో గణితానికి 80, భౌతిక శాస్త్రానికి 40, రసాయన శాస్త్రానికి 40, మొత్తం 160 ప్రశ్నలు ఉంటాయి. కాలం 180 నిమిషాలు. అనగా ఒక్కొక్క ప్రశ్నకు దక్కేది 67 సెకనుల పైచిలుకు. ప్రతి ప్రశ్నకు నాలుగు సమాధానాలు ఇస్తారు. సరియైన దానిని గుర్తిస్తే ఒక మార్కు. తప్పుకు కోత లేదు.

ఈ పద్ధతికి న్యాయమైన కారణాలు లేకపోలేదు. రెండు లక్షలకు పైబడిన విద్యార్థుల జవాబులను కొద్ది రోజులలో దిద్దవలెనంటే వేరు మార్గం కష్టం. దిద్దేవారి ఇష్టాయిష్టాలకు ఇందులో తావు లేదు. పల్లెటూరి పిల్లవాని జవాబుకు, పట్టణపు పిల్లవాని జవాబుకు ఒకే తూనిక. ఇది చిన్న గుణం కాదు.

అయితే ఈ తూనికలో అదృష్టం పాలు ఎంతో కూడ తెలిసి ఉండవలెను. సరిగా 80 ప్రశ్నలకు మాత్రమే జవాబు తెలిసిన ఇద్దరు విద్యార్థులు మిగిలిన 80 ప్రశ్నలకు కన్నుమూసి గుర్తులు పెట్టినారనుకొనండి. సంభావ్యతా సూత్రం ప్రకారం సగటున 20 సరిపోతాయి. కాని ఒకరికి 17, మరొకరికి 23 సరిపోయినా ఆశ్చర్యం లేదు. తెలివి సమానమే, శ్రమ సమానమే. తేడా ఆరు మార్కులు. మార్కులు దగ్గరదగ్గరగా కిక్కిరిసి ఉన్నచోట ఆరు మార్కులు ఎన్నో ర్యాంకులను తారుమారు చేయగలవు.

జే.ఈ.ఈ. మెయిన్‌లో సరియైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. కోత ఉన్నది గనుక ఊహ పనికిరాదని చాలామంది తలుస్తారు. లెక్క వేరుగా చెబుతున్నది. నాలుగు సమాధానాలున్న ప్రశ్నలు నాలుగింటికి ఊహించి గుర్తు పెడితే సగటున ఒకటి సరిపోయి 4 వస్తాయి, మూడు తప్పి 3 పోతాయి. ఒక మార్కు మిగులుతుంది. ఒక తప్పు సమాధానాన్ని ముందే తొలగించగలిగితే లాభం ఇంకా ఎక్కువ. అందుచేతనే శిక్షణలో 'తొలగింపు' ఒక విద్యగా స్థిరపడినది.

ఈ విద్యకు ఒక ఉదాహరణ చూడవచ్చును. కప్పీ మీదుగా వేసిన తాటికి రెండు కొనల రెండు ద్రవ్యరాశులు వ్రేలాడుతున్నవి, త్వరణం ఎంత? ఇది 1784లో జార్జ్ ఆట్‌వుడ్ వర్ణించిన యంత్రమే. ఇచ్చిన సమాధానాలు నాలుగు: ద్రవ్యరాశుల భేదాన్ని మొత్తంతో భాగించి గురుత్వ త్వరణంతో హెచ్చించినది మొదటిది, మొత్తాన్ని భేదంతో భాగించి హెచ్చించినది రెండవది, లబ్ధాన్ని మొత్తంతో భాగించి హెచ్చించినది మూడవది, గురుత్వ త్వరణమే నాలుగవది. తెలివైన విద్యార్థి రెండు ద్రవ్యరాశులు సమానమనుకొంటాడు. అప్పుడు త్వరణం సున్న కావలెను. మొదటిది తప్ప మరేదీ సున్న కాదు. పది సెకనులలో మార్కు దక్కినది. న్యూటను సూత్రంతో పని పడలేదు.

ఇది మోసం కాదు. వచ్చిన ఫలితాన్ని సులభమైన సందర్భంలో సరిచూచుకోవడం శాస్త్రజ్ఞులు నిత్యం చేసే పనే. కాని వారు దానిని ఫలితం రాబట్టిన తరువాత చేస్తారు. ఇక్కడ ఆ పరీక్షే ఫలితానికి బదులుగా నిలిచినది.

లోపం బయటపడవలెనంటే ప్రశ్నను కొంచెం మార్చవలెను. ద్రవ్యరాశులు 3, 2 కిలోగ్రాములు, గురుత్వ త్వరణం 10 అనుకొంటే, బరువులేని కప్పీకి త్వరణం 2 మీటర్లు ప్రతి సెకను వర్గానికి. తన్యత రెండు వైపులా 24 న్యూటనులు. ఆ కప్పీయే 2 కిలోగ్రాముల గుండ్రని బిళ్ళ అయి, తాడు జారకుండా దానిని త్రిప్పుతున్నదనుకొంటే? ఒక్కొక్క వస్తువుపై పనిచేసే బలాలను బొమ్మ గీచి వ్రాసుకొన్నవాడు ఇక్కడ ఆగడు. కప్పీ తిరగవలెనంటే రెండు వైపుల తన్యతలు సమానంగా ఉండరాదని అతనికి బొమ్మే చెబుతుంది. బిళ్ళ ద్రవ్యరాశిలో సగం, అనగా 1, హారంలో చేరుతుంది. త్వరణం పదిని ఆరుతో భాగించగా 1.67, తన్యతలు 25, 23.3. తొలగింపు మాత్రమే నేర్చినవాడు కొత్త ప్రశ్నకు మళ్ళీ నాలుగు సమాధానాల కొరకు వెదకుతాడు.

ప్రకృతి నాలుగు సమాధానాలు ఇచ్చి ఒకటి సరియైనదని హామీ ఇవ్వదు. ఇందుకు సాక్ష్యం సికింద్రాబాదు పక్కనే, బేగంపేటలో ఉన్నది. మలేరియా చెడుగాలి వలన వచ్చునని పూర్వులు నమ్మినారు. దోమలు పడి చచ్చిన నీరు త్రాగడం వలన వచ్చునని మాన్సన్ ఊహించినాడు. రోనాల్డ్ రాస్ దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినితో చూచినాడు. మలేరియాను మోయని జాతుల దోమలతో ఎంతో కాలం వ్యర్థమైనది. చివరకు 1897 ఆగస్టు 20న, రోగిని కుట్టిన మచ్చల రెక్కల దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి జాడ కనబడినది. ఆ కృషికి 1902లో నోబెల్ బహుమానం వచ్చినది. 67 సెకనుల అలవాటు ఇట్టి ఓర్పును నేర్పలేదు.

ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్ష కూడ 2005 వరకు విద్యార్థి చేత సాధన వ్రాయించినది. 2006 నుంచి అది పూర్తిగా గుర్తులు పెట్టే పరీక్ష అయినది. ఆ కాలం తిరిగి వచ్చే సూచనలు లేవు. కనుక మార్పు తరగతి గదిలోనే మొదలు కావలెను. ఉపాధ్యాయుడు దినానికి ఒక్క లెక్కనైనా సమాధానాలు చెరిపివేసి ఇవ్వవచ్చును. లెక్క తేలిన తరువాత అందులో ఒక షరతు మార్చి మరల అడుగవచ్చును. మిగిలిన మూడు సమాధానాలు ఎందుకు తప్పో విద్యార్థి చేత ఒక్కొక్క వాక్యం వ్రాయించవచ్చును. దీనికి పట్టేది అరగంట. ఇట్లా చదివినవాడు పరీక్షలో వెనుకబడడు. సీటు వచ్చినా రాకపోయినా అతని వద్ద శాస్త్రం మిగులుతుంది. కొలబద్దతో గుడ్డను కొలవవచ్చును గాని గుడ్డను నేయలేము.