వినికియు నాలకింపును

తెలుఁగున "విను" ధాతువున కర్థము రెండు తెఱఁగులు. శబ్దము చెవిని బడుట యొకటి, చెప్పినట్లు నడచుకొనుట వేఱొకటి. "ఆ పిల్లవాఁడు మాట వినఁడు" అన్నప్పుడు వానికిఁ జెవుడని యెవ్వరును దలఁపరు. హీబ్రూ భాషయందలి "షామా" ధాతువు నిట్టిదే. కావున పాతనిబంధనను దెనిఁగించినవారి కీ ధాతువు చేతికందిన సొమ్ము.

చిక్కు క్రొత్తనిబంధనయందు వచ్చినది. గ్రీకున "అకూవో" యనఁగా వినుట. దానికి "హుపో" యను నుపసర్గము చేరఁగా "హుపకూవో", విధేయుఁ డగుట. రోమా పత్రిక 10వ అధ్యాయము 16 మొదలు 18 వఱకుఁ గల వచనములలోఁ బౌలు ఈ సంబంధమునే యాశ్రయించినాఁడు. సువార్తకు అందఱును విధేయులు కాలేదు. విశ్వాసము వినుటవలనఁ గలుగును. వారు వినలేదా యన్నచో, విన్నారు. తెనుఁగు పాఠమున మొదటిచోట "లోబడు" అనియు, తక్కినచోట్ల "విను" అనియు నున్నవి. అర్థమున దోషము లేదు. ధాత్వైక్యము మాత్రము చెడినది. లోబడుట వేఱు, వినుట వేఱు అని చదువరికిఁ దోఁచును. పౌలునకో, మొదటిది రెండవదాని పరిపాకము. దిల్‌సుఖ్‌నగరు, ఎల్బీ నగరు ప్రాంతపుఁ గ్రైస్తవసంఘములలో ఆదివారమున నీ పాఠమును వినువారిలోఁ బెక్కండ్రకు గ్రీకు రాదు. అనువాదమున మఱుఁగుపడినది వారికి మఱి దొరకదు.

విత్తువాని యుపమానమున నీ భేదము చక్కఁగా నిలిచినది. నాలుగు నేలలును విన్నవే. నాల్గవదానికి మత్తయి "గ్రహించుట"ను, మార్కు "అంగీకరించుట"ను, లూకా "అవలంబించుట"ను జేర్చిరి. మూఁటిలో లూకా మాటయే మేలు. ఓపికను గూడఁ జెప్పినవాఁ డతఁడే. బడిపిల్లలకు బోధింపవలసినచో దృష్టాంతము దగ్గఱనే యున్నది. 2018లో ఎల్బీ నగరు దాఁక వచ్చిన మెట్రో బండిలో దిల్‌సుఖ్‌నగరు పేరు చెప్పినప్పుడు అందఱకును వినఁబడును. దిగవలసినవాఁడే సంచి పుచ్చుకొని లేచును.

"హుపకూవో"కు "శుశ్రూష" తగదా యని వైయాకరణు లడుగవచ్చును. శ్రుధాతువుపై సన్‌ప్రత్యయము వచ్చి, వినఁగోరుట యని వ్యుత్పత్తి. వినఁగోరిక సేవగాఁ బరిణమించుటయు నిందుఁ గలదు. కాని తెనుఁగున నది రూఢిచేఁ బరిచర్యకే, అందును రోగిపరిచర్యకే పోయినది. "సువార్త మాట వినలేదు" అని 16వ వచనమున నుంచినచో, 18వ వచనమున "విన్నారు" అనుటతో విరోధము తోఁచునని యనువాదకులు వెఱచిరేమో! ఆ విరోధము మూలమునను గలదు; పౌలు దానిని దాఁచలేదు.