ఫలక్‌నుమా: గోడలు నిలిచాయి, గుమ్మం ఎవరికి?

సికింద్రాబాదు నుంచి హౌరాకు వెళ్ళే ఎక్స్‌ప్రెస్ బండికి ఫలక్‌నుమా అని పేరు. హైదరాబాదు పాతబస్తీకి దక్షిణాన అదే పేరుతో ఒక రైల్వే స్టేషను, దాని చుట్టూ జనసమ్మర్దమైన పేట ఉన్నాయి. తెలుగునాట, ఒడిశాలో, వంగదేశంలో లక్షలాది ప్రయాణికులకు ఈ పేరు సుపరిచితం. ఆ పేరుకు మూలమైన ప్రాసాదంలో అడుగుపెట్టినవారు మాత్రం బహుస్వల్పం. 2010 నవంబరు నుంచి తాజ్ సంస్థ నిర్వహణలో విలాసవంతమైన హోటలుగా, విందులకూ వివాహాలకూ వేదికగా నడుస్తున్న ఈ భవనపు జీర్ణోద్ధరణను శిల్పదృష్టితో ప్రశంసించినవారు అనేకులు. ఆ ప్రశంస న్యాయమైనదే. అయితే ఒక చారిత్రక భవనాన్ని రక్షించడమంటే దేనిని రక్షించడం అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉన్నది.

పాయెగా ప్రభువంశీయుడూ, హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రిగా పనిచేసినవాడూ అయిన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దీనికి శంకుస్థాపన చేశాడు. కొండమీద ఇటలీ పాలరాతితో, ఐరోపా ప్రాసాదాల పోకడలతో, ఆకాశదర్పణమనే అర్థమిచ్చే పేరుతో లేచిన ఈ కట్టడం పూర్తికావడానికి సుమారు దశాబ్దం పట్టింది. నిర్మాణవ్యయం కట్టించినవాని తాహతును మించిపోయిందని ప్రతీతి. 19వ శతాబ్ది ముగిసేలోగానే భవనం ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ పరమయింది. 1911లో ఆయన కన్నుమూసింది ఇక్కడే. అటుపిమ్మట ఇది రాజాతిథుల విడిదిగా ఉండి, 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ బస చేసిన తరువాత దాదాపు అర్ధశతాబ్దం మూతబడి ఉంది.

నిజాం కుటుంబానికి చెందిన యువరాణి ఎస్రా పర్యవేక్షణలో పదేళ్ళపాటు సాగిన జీర్ణోద్ధరణ ఓర్పుకు నిదర్శనం. చెక్కడపు పైకప్పు గల గ్రంథాలయం, నూటొక్క మంది ఒకేసారి కూర్చోగల భోజనపు బల్ల, రంగు అద్దాలు, దీపగుచ్ఛాలు తమ పూర్వశోభను తిరిగి పొందాయి. అంతటి వ్యయాన్ని భరించి, అంతటి నైపుణ్యాన్ని ఒకచోట చేర్చడం ప్రభుత్వశాఖలకు సులభసాధ్యం కాదని అనుభవంమీద అంగీకరించవలసిందే.

విమర్శకు తావిచ్చేది ఆ గోడల మధ్య చెప్పబడుతున్న కథ. అతిథిని ద్వారంనుంచి గుర్రపు బగ్గీలో తీసుకువస్తారు. మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీరేకులు చల్లుతారు. ఈ ప్రదర్శనలో మూల్యం చెల్లించిన ప్రతివాడూ ఒక పూట నిజామే. ఆ వైభవానికి ఆధారమైన జాగీరు ఆదాయం, ఆ ఆదాయానికి మూలమైన రైతు ఈ కథలో కనబడరు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ తరువాత రెండేళ్ళకు గణతంత్ర భారత ప్రథమ రాష్ట్రపతి, జాగీర్దారు కట్టించిన ఇంట అతిథిగా బస చేశాడు. ఈ ప్రాసాద చరిత్రలో ఇంతకంటె అర్థవంతమైన ఘట్టం మరొకటి లేదు. అయినా అది ప్రముఖ అతిథుల జాబితాలో ఒక పేరుగా మాత్రమే మిగిలింది. చరిత్ర అలంకారంగా మారడమంటే ఇదే.

ఇదే కుటుంబానికి చెందిన చౌమహల్లా ప్రాసాదం మరొక మార్గాన్ని చూపింది. దాని పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది. అది ప్రదర్శనశాల, టిక్కెట్టు కొన్న బడిపిల్లవాడు దర్బారు మందిరంలో నిలబడి తల పైకెత్తి చూడగలడు. ఫలక్‌నుమాలో ముందుగా ఏర్పాటు చేసుకొని, భోజనానికో తేనీటికో తగిన సొమ్ము చెల్లించగలవానికే ఆ భాగ్యం. ప్రతి ప్రాసాదమూ ప్రదర్శనశాల కావాలనడం ఆచరణసాధ్యం కాదు. ఆదాయం లేని పాతబస్తీ దేవిడీలు ఎన్ని నేలమట్టమైనవో నగరవాసులు ఎరుగుదురు. ప్రభుత్వహస్తమే సదా రక్షణహస్తమని చెప్పడానికీ వీలులేదు. హైదరాబాదు వారసత్వ కట్టడాలకు రక్షణగా ఉన్న 13వ నిబంధన 2015లో తొలగిపోయింది. 2019లో శాసనసభ నూతన భవనం కోసం ఇర్రం మంజిల్‌ను కూల్చివేయాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని ఉన్నత న్యాయస్థానం కొట్టివేయవలసి వచ్చింది. వీటి సరసన నిలిపి చూచినప్పుడు హోటలుగా మారడం ఫలక్‌నుమాకు ఆయుష్షు పోసిందనే చెప్పాలి.

కనుక వివాదం హోటలు ఉండాలా వద్దా అన్నది కాదు. ఏ షరతులమీద ఉండాలన్నది. కేంద్ర పర్యాటక మంత్రిత్వశాఖ వారసత్వ హోటళ్ళ వర్గీకరణ 1950కి పూర్వపు కట్టడాలను గుర్తించి, ప్రధానంగా వాటి బాహ్యరూపాన్ని, గదులను, అతిథి సౌకర్యాలను పరిశీలిస్తుంది. పౌరునిపట్ల బాధ్యత కూడా ఆ పరిశీలనలో సమానస్థానం పొందాలి. పరిసర పాఠశాలల విద్యార్థులకు నెలకొక దినం ఉచిత ప్రవేశం కల్పించాలి. గ్రంథాలయంలోని పుస్తకాల, మందిరాల్లోని వస్తువుల పట్టిక ఒకటి రాష్ట్ర ప్రాచీనపత్ర భాండాగారంలో పరిశోధకులకు అందుబాటులో ఉండాలి. వేడుకల సంఖ్యకూ, జనసమూహానికీ, దీపాలంకరణకూ కట్టడపు వయసును బట్టి పరిమితి నిర్ణయించాలి. కట్టించినవాని పేరు పక్కన పనిచేసిన చేతులగూర్చి, ఖర్చు భరించిన నేలగూర్చి తెలుగు, ఉర్దూ భాషల్లో ఒక ఫలకమైనా నిలపాలి. వీటిలో ఏదీ హోటలు ఆదాయాన్ని హరించేది కాదు.

పూర్వం ఆ కొండమీదికి పిలుపు లేనిదే ఎవరూ పోలేదు. నేడు పిలుపు స్థానాన్ని ధర ఆక్రమించింది. ఫలక్‌నుమా స్టేషనులో దిగి దిగువ వీధుల్లోని ఇంటికి నడిచే విద్యార్థి, సంవత్సరానికి ఒక్కనాడైనా ఆ గ్రంథాలయంలో నిలబడి తన ఊరిపేరు ఎక్కడనుంచి వచ్చిందో తెలుసుకోగలగాలి. జీర్ణోద్ధరణలో ఇంకా చేయవలసి ఉన్న పని అది.