పర్యవేక్షణ నాణ్యత: విద్యార్థి మాటకు విలువెంత?

పరిశోధనలో మార్గదర్శకత్వం ఎలా ఉందో విద్యార్థినే అడిగి తెలుసుకోవడం ఈ కాలపు పద్ధతి. బ్రిటన్‌లో 2007 నుంచి ఇందుకోసం సర్వే జరుగుతోంది. ఆస్ట్రేలియా అంతకు ముందే ఒక ప్రశ్నావళిని రూపొందించుకుంది. అయితే మార్ష్, రో, మార్టిన్ 2002లో ఆ జవాబులను పరిశీలించి, వాటి ఆధారంగా ఒక విశ్వవిద్యాలయం మరొకదానికంటే మెరుగని నమ్మకంగా చెప్పలేమని తేల్చారు. ఇందులో వింతేమీ లేదు. ఒకే శాఖలో వారం వారం కలిసే గైడూ ఉంటారు, ఆరు నెలలైనా దొరకని గైడూ ఉంటారు. సగటు తీస్తే ఇద్దరూ కనబడరు.

అంతకంటే చిక్కయినది 'బాగుంది' అన్న మాట. ఎత్తిపోతలనే తీసుకుందాం. చంద్రవంక వాగు మీది ఈ జలపాతానికి, యతి తపస్సు చేసిన తలం కాబట్టి ఆ పేరు వచ్చిందని స్థానికంగా చెబుతారు. పల్నాటి ఊర్ల పేర్లపై పనిచేసే ఎం.ఏ. విద్యార్థి ఈ మాటనే రాసుకొచ్చారనుకోండి. (చిన్న విషయం అనుకోకండి, కేతు విశ్వనాథరెడ్డి డాక్టరేట్ కడప ఊర్ల పేర్లపైనే.) ఒక గైడు చూసి సంతకం పెడతారు. మరొకరు "యతి ఎత్తి ఎలా అయింది? పాత రికార్డుల్లో ఈ పేరు ఎలా ఉంది? ఎత్తడం, పోయడం అనే తెలుగు మాటలు ఎదురుగా ఉండగా యతి దాకా ఎందుకు వెళ్లావు?" అని కాగితాలు తిప్పి పంపుతారు. ఆ నెలలోనే అడిగితే మొదటివారికే ఎక్కువ మార్కులు పడతాయి.

అలాగని కసిరేవారందరూ మంచి గైడులు కారు. చదవకుండానే తిట్టేవారూ ఉన్నారు. చదివారో లేదో మాత్రం విద్యార్థికి ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి తృప్తిని గురించి కాక, రాసినది ఎన్నాళ్లకు తిరిగివచ్చింది, అంచుల్లో ఏమి రాశారు, తరువాతి ప్రతిలో ఏమి మారింది అని అడగాలి. యు.జి.సి. 2022 నిబంధనలు ప్రొఫెసర్‌కు 8, అసోసియేట్ ప్రొఫెసర్‌కు 6, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 4 మంది పిహెచ్.డి. విద్యార్థులని పరిమితి పెట్టాయి. అది అవసరమే, కానీ చదవడం ఆ లెక్కకు అందదు.

ఇక భయం సంగతి. గైడు సంతకం లేనిదే సిద్ధాంత వ్యాసం కదలదు. ఒక గైడు దగ్గర ఇద్దరే విద్యార్థులున్నప్పుడు పేరు రాయకపోయినా జవాబు ఎవరిదో తెలిసిపోతుంది. పట్టా చేతికి వచ్చాక అడిగితేనే ఆ జవాబును నేను నమ్ముతాను.